సరిహద్దు దాటిన వారసత్వం: విదేశీ ఆస్తి, చట్టం, పన్ను – ఒక చారిత్రక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ఒక దేశంలో చనిపోయిన వ్యక్తి ఆస్తి మరో దేశంలోని వారసులకు ఏ సూత్రాల ప్రకారం చేరుతుందో వివరించగలుగుతారు.
• ఆ సూత్రాలు తెలుగువారి వలస చరిత్రలో ఎలా ఎదురయ్యాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వారసత్వ చట్టం, వారసత్వ పన్ను, విదేశ మారక నియంత్రణ అనే మూడింటి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• మీ కుటుంబంలోనో, ఊళ్లోనో ఇటువంటి సమస్య వస్తే మొదట ఏ ప్రశ్నలు వేయాలో తెలుసుకుంటారు.

విషయ క్రమం

1. పరిచయం
2. మితాక్షర: మనిషి వెంట నడిచే చట్టం
3. పక్క తాలూకాయే పరాయి రాజ్యం
4. సముద్రం దాటిన కూలీలు, పెళ్లి రుజువు
5. బర్మా: కదిలిన సరిహద్దు
6. మరణంపై పన్ను: 1953–1985
7. విదేశ మారక నియంత్రణ
8. నేటి స్థితి: మూడు ఉదాహరణలు
9. సారాంశం
10. ముఖ్య పదాలు
11. నమూనా ప్రశ్నలు

1. పరిచయం

అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. తొలకరి పడితే చేలల్లో రాళ్లు వెతికే జనం నేటికీ కనిపిస్తారు. కానీ ఆ ఊరి కుటుంబాలను నిలబెట్టింది వజ్రాలు కావు. ఒకప్పుడు వేరుశనగ, అది ఎండినప్పుడు వలస. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే ఈ పీఠభూమి నుంచి మనుషులు బళ్లారికి, బెంగళూరుకు, గల్ఫ్ దేశాలకు, ఈ తరంలో అమెరికాకు వెళ్లారు. వెళ్లినవారు అక్కడ ఇల్లు కొంటారు, బ్యాంకులో డబ్బు దాస్తారు. ఇక్కడ మెట్టభూమి వారి పేరు మీద ఉండిపోతుంది. వారిలో ఒకరు హఠాత్తుగా చనిపోతే ఆ ఆస్తి ఎవరిది? దాని మీద పన్ను ఎవరు కట్టాలి? ఆ డబ్బును సరిహద్దు దాటించవచ్చా?

ఈ ప్రశ్నలు కొత్తవని చాలామంది అనుకుంటారు. ఇవి కనీసం రెండు వందల ఏళ్ల నాటివి. పైగా ఇక్కడ కనిపించే మూడు ప్రశ్నలకు సమాధానమిచ్చేవి మూడు వేరు వేరు చట్ట సంప్రదాయాలు. వారసుడెవరో తేల్చేది వారసత్వ చట్టం. అది ధర్మశాస్త్రాల నుంచి, న్యాయస్థానాల తీర్పుల నుంచి పుట్టింది. ప్రభుత్వం వాటా ఎంతో తేల్చేది పన్ను చట్టం. అది ఖజానా అవసరం నుంచి పుట్టింది. డబ్బు ఎటు కదలవచ్చో తేల్చేది విదేశ మారక చట్టం. అది యుద్ధకాలంలో పుట్టింది. పుట్టుకలు వేరు కాబట్టి ఒకదానిలో గెలిచినంత మాత్రాన మిగతా రెండింటిలో గెలిచినట్టు కాదు. ఈ పాఠమంతటా ఈ విషయాన్ని గుర్తుంచుకోండి.

2. మితాక్షర: మనిషి వెంట నడిచే చట్టం

కళ్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. 13వ శతాబ్దంలో కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగులోకి తెచ్చాడు. దాయభాగాల గురించిన శాస్త్రం అంత ముందే తెలుగులోకి వచ్చిందంటే ఆస్తి పంపకం ఎంత నిత్య వ్యవహారమో ఊహించవచ్చు.

బ్రిటిష్ న్యాయస్థానాలు హిందువులకు హిందూ ధర్మశాస్త్రాన్ని, ముస్లింలకు ఇస్లామిక్ న్యాయాన్ని వర్తింపజేశాయి. మరి ఒక కుటుంబం తన ప్రాంతం వదిలి ఇంకో ప్రాంతానికి వెళితే ఏది వర్తించాలి? ఆ కుటుంబం తన పుట్టినచోటి ధర్మశాస్త్ర శాఖను వెంట తీసుకువెళుతుందని, కొత్తచోటి ఆచారాన్ని స్వీకరించినట్టు రుజువైతే తప్ప పాతదే కొనసాగుతుందని ప్రీవీ కౌన్సిల్ పలు తీర్పుల్లో చెప్పింది. అంటే చట్టం నేలకు కాక మనిషికి అంటుకుని ఉంటుందన్న భావన అది.

దీనికి ఎదురుగా ఇంగ్లీషు న్యాయం నుంచి వచ్చిన మరో సూత్రం ఉంది. పొలం, ఇల్లు వంటి స్థిరాస్తి ఎక్కడ ఉంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది. నగదు, నగలు, షేర్లు వంటి చరాస్తికి మాత్రం చనిపోయిన వ్యక్తి స్థిరనివాసం ఏ దేశమో ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. 1865 భారత వారసత్వ చట్టం, దాని తర్వాత వచ్చిన 1925 చట్టం ఈ సూత్రాన్ని అక్షరబద్ధం చేశాయి. ఆ అధ్యాయం హిందువులకు, ముస్లింలకు నేరుగా వర్తించకపోయినా, దేశాల మధ్య వివాదాల్లో న్యాయస్థానాలు సాధారణంగా ఈ సూత్రాన్నే పాటించాయి.

ఇక్కడ 'స్థిరనివాసం' అనే మాటను జాగ్రత్తగా చదవండి. అది వీసా కాదు, పౌరసత్వం కాదు, రేషన్ కార్డులో చిరునామా కూడా కాదు. శాశ్వతంగా ఉండిపోవాలనే ఉద్దేశంతో ఒకచోట నివసించడం. మనిషి చనిపోయిన తర్వాత ఆయన ఉద్దేశాన్ని రుజువు చేయాల్సి రావడమే ఇందులోని కష్టం.

3. పక్క తాలూకాయే పరాయి రాజ్యం

విదేశమంటే విమానం ఎక్కి వెళ్లేదని నేటి తరం అనుకుంటుంది. 1900 ప్రాంతంలో అనంతపురం జిల్లా రైతుకు విదేశం నడిచి వెళ్లే దూరంలో ఉండేది. ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరిచారు. ఇది మద్రాసు రాజధానిలో భాగం. కానీ జిల్లా నడుమ ద్వీపంలా ఉన్న పావగడ తాలూకా మైసూరు సంస్థానానిది. అక్కడి జనంలో అధికులు తెలుగు మాట్లాడేవారే. పెళ్లిళ్లు, పొలాలు, అప్పులు అటూ ఇటూ ఉండేవి. 1880ల నుంచి తెలుగు కూలీలు వెళ్లిన కోలారు బంగారు గనులు కూడా మైసూరు సంస్థానంలోనివే.

చట్టం దృష్టిలో సంస్థాన న్యాయస్థానం బ్రిటిష్ ఇండియాకు 'విదేశీ న్యాయస్థానం'. 1894లో ఫరీద్‌కోట్ రాజా కేసులో ప్రీవీ కౌన్సిల్ దీన్ని గట్టిగా చెప్పింది. ఫరీద్‌కోట్ సంస్థానం వదిలి వెళ్లిపోయిన ఒక మాజీ ఉద్యోగిపై ఆ సంస్థాన న్యాయస్థానం ఏకపక్షంగా ఇచ్చిన డబ్బు డిక్రీ బ్రిటిష్ ఇండియాలో చెల్లదని తీర్పు వచ్చింది. ఒక రాజ్యపు న్యాయస్థానం చేయి తన సరిహద్దు వరకే సాగుతుందన్నది దాని సారం.

వారసులకు దీని అర్థం ఏమిటి? గుత్తి తాలూకాలో తండ్రి చనిపోయి, ఆయనకు పావగడలో పొలం, మైసూరులో బాకీలు ఉంటే, మద్రాసు రాజధాని న్యాయస్థానం ఇచ్చిన కాగితం ఒక్కటే చాలదు. రెండు చోట్లా రెండు దారులు పట్టాలి. ఈ ఇబ్బందిని తగ్గించేందుకే కొన్ని ఏర్పాట్లు వచ్చాయి. విదేశీ రాజ్యంలోని ప్రభుత్వ ప్రతినిధి ఇచ్చిన వారసత్వ సర్టిఫికెట్‌కు మన దగ్గర విలువ ఇచ్చే నిబంధన 1925 చట్టంలో ఉంది. విదేశంలో రుజువైన వీలునామా ధ్రువీకృత నకలును జతచేసి, ఇక్కడ ఆస్తి నిర్వహణాధికారం పొందే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఈ నిబంధనలు నేటికీ జీవించే ఉన్నాయి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ విదేశీ తీర్పు ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో స్పష్టం చేసింది. నేడు న్యూజెర్సీ న్యాయస్థానం కాగితానికి వర్తించే సూత్రం, ఒకనాడు పావగడ కాగితానికి వర్తించిన సూత్రానికి వారసురాలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
స్థిరాస్తికి, చరాస్తికి వర్తించే చట్టాలలో తేడా ఏమిటి? ఐదు వాక్యాలలో రాయండి.

4. సముద్రం దాటిన కూలీలు, పెళ్లి రుజువు

1834 తర్వాత మారిషస్‌కు, 1860 నుంచి నాటాల్‌కు, 1903 నుంచి మద్రాసు మార్గంగా ఫిజీకి తెలుగు కూలీలు ఒప్పందం మీద వెళ్లారు. వీరిలో కోస్తా జిల్లాలవారే ఎక్కువ. 1876–78 కరవు బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కూడా కుంగదీసి, మద్రాసు రాజధాని నుంచి వలసను పెంచింది.

ఒప్పంద కాలంలో కూలీ చనిపోతే అతను మిగిల్చిన జీతం, పొదుపు ఏమవుతాయి? కూలీలు పనిచేసే వలస రాజ్యాలలో వారి వ్యవహారాలు చూసే అధికారి ఆ సొమ్మును లెక్కకట్టేవాడు. వారసులు స్వదేశంలో ఉంటే వారిని వెతికి అందజేయాలి. వెతకడానికి ఆధారం ఓడ ఎక్కేటప్పుడు రాసుకున్న పట్టిక: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా. తెలుగు పేరును ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాశాడు. ఒకే పేరున్న ఊళ్లు జిల్లాకు నాలుగు ఉండేవి. పట్టికలో ఒక అక్షరం తప్పితే ఊళ్లో ఉన్న తల్లికి ఆ సొమ్ము దొరకడం కష్టం. నేడు పాస్‌పోర్టులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు లేని మూడో పేరు ఉన్న కుటుంబాలకు ఎదురయ్యే చిక్కు ఇదే.

ఇంతకన్నా లోతైన సమస్య పెళ్లిది. 1913 మార్చి 14న దక్షిణాఫ్రికాలోని కేప్ సుప్రీం కోర్టులో జస్టిస్ సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. బహుభార్యత్వాన్ని అనుమతించే మతాచారం ప్రకారం జరిగిన పెళ్లిని అక్కడి చట్టం గుర్తించదని దాని సారాంశం. ఒక్క తీర్పుతో హిందూ, ముస్లిం స్త్రీలు చట్టం కంటికి భార్యలు కాకుండా పోయారు. వారి పిల్లలు వారసులు కాకుండా పోయే ప్రమాదం వచ్చింది. ఆ ఏడాది గాంధీజీ నడిపిన సత్యాగ్రహంలో స్త్రీలు పెద్ద ఎత్తున దిగడానికి ఇదొక ముఖ్య కారణం. 1914లో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం ఏక వివాహాలను గుర్తించడంతో ఆ గండం గడిచింది.

చరిత్ర విద్యార్థులు ఈ ఘటనను సాధారణంగా సత్యాగ్రహ అధ్యాయంలో చదువుతారు. దీన్ని వారసత్వ అధ్యాయంలో కూడా చదవాలని నా అభిప్రాయం. భార్య అని ఊరంతా ఎరిగినా, పరాయి దేశపు న్యాయస్థానం ఎరిగేది కాగితాన్ని మాత్రమే. గుడిలో తాళి కట్టించుకుని, ఫొటో తప్ప ఏ రుజువూ లేని భార్యలు మన పల్లెల్లో నేటికీ ఉన్నారు. భర్త విదేశంలో చనిపోయినప్పుడు వారికి అవసరమయ్యే మొదటి పత్రం పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దాన్ని భర్త బతికి ఉండగా తీసుకోవడం తేలిక.

5. బర్మా: కదిలిన సరిహద్దు

గంజాం నుంచి గోదావరి దాకా ఉన్న తీరం నుంచి వేలాది తెలుగువారు రంగూన్‌కు వెళ్లి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కొందరు ఇళ్లు, దుకాణాలు కూడబెట్టుకున్నారు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1898 బర్మా చట్టాల చట్టం ప్రకారం అక్కడి హిందువుల వారసత్వానికి హిందూ న్యాయమే వర్తించేది. కాకినాడలోని కొడుకుకు రంగూన్‌లోని తండ్రి ఇల్లు వేరే రాష్ట్రంలోని ఆస్తి మాత్రమే.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు, సరిహద్దు కదిలింది. ఆ తెల్లవారి నుంచి అది విదేశీ ఆస్తి. 1942లో జపాన్ దండయాత్రతో లక్షల మంది భారతీయులు ఓడల్లోనూ, అడవి దారుల్లో కాలినడకనా పారిపోయి వచ్చారు. వెంట దస్తావేజులు తెచ్చుకున్నవారు కొందరే. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1948లోనే బర్మా భూముల జాతీయకరణ చట్టం చేసింది. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చాక 1963–64లో బ్యాంకులను, వ్యాపారాలను, దుకాణాలను జాతీయం చేశారు. పెద్ద నోట్లను రద్దు చేశారు. తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల జ్ఞాపకం విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అనే పేరులో నిలిచి ఉంది.

స్థిరాస్తికి ఆ నేల చట్టమే వర్తిస్తుందన్న సూత్రపు చేదు ముఖం ఇది. మన దేశంలో ఎంత బలమైన వారసత్వ కాగితం ఉన్నా, ఆ దేశం 'ఆస్తి ప్రభుత్వానిది' అంటే మన న్యాయస్థానం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. విదేశీ ఆస్తి విలువను లెక్కకట్టేటప్పుడు ఆ దేశపు రాజకీయాన్ని కూడా లెక్కలో వేయాలన్నది బర్మా నేర్పిన పాఠం.

6. మరణంపై పన్ను: 1953–1985

బ్రిటన్ 1894లోనే మరణానంతర ఆస్తిపై ఎస్టేట్ డ్యూటీ విధించింది. అమెరికా 1916లో ఎస్టేట్ టాక్స్ తెచ్చింది. స్వతంత్ర భారతం 1953లో ఎస్టేట్ డ్యూటీ చట్టం చేసి అక్టోబరు 15 నుంచి అమలు చేసింది. అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్. సంపద కొద్దిమంది చేతుల్లో తరతరాలు పేరుకోకూడదన్నది లక్ష్యం. పెద్ద ఆస్తులపై రేటు ఒక దశలో 85 శాతానికి చేరింది.

విదేశీ ఆస్తి విషయంలో ఈ చట్టం మనం పైన చదివిన పాత సూత్రాన్నే తీసుకుంది. భారతదేశం వెలుపలి స్థిరాస్తిపై పన్ను లేదు. వెలుపలి చరాస్తిపై మాత్రం, చనిపోయిన వ్యక్తి స్థిరనివాసం భారతదేశమైతే పన్ను ఉంది. ఒకే ఆస్తిపై రెండు దేశాలు పన్ను వేయకుండా 1956లో బ్రిటన్‌తో ఒప్పందం కూడా కుదిరింది.

అయితే వసూలయ్యే మొత్తం తక్కువ, వ్యాజ్యాలు, పరిపాలన ఖర్చు ఎక్కువ. సంపద పన్ను కూడా విడిగా ఉండడంతో ఒకే ఆస్తికి రెండు లెక్కలు. 1985లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ ఎస్టేట్ డ్యూటీని ఎత్తివేశారు. 1985 మార్చి 16 నుంచి సంభవించిన మరణాలకు అది లేదు. 1957లో మొదలైన సంపద పన్ను కూడా 2015 ఆర్థిక చట్టంతో పోయింది.

నేడు భారతదేశంలో వారసత్వ పన్ను లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి ఆదాయం కాదు. కానీ 'పన్ను లేదు' అన్న మాటను సగమే విని తృప్తిపడేవారు చాలామంది. ఆ ఆస్తి మీద వచ్చే అద్దె, వడ్డీ ఆదాయమే. దాన్ని అమ్మితే మూలధన లాభంపై పన్ను ఉంటుంది. అవతలి దేశం వేసే మరణ పన్నును మన మినహాయింపు ఆపదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎందుకు రద్దు చేశారు? రద్దు వల్ల విదేశీ ఆస్తి పొందే వారసునికి ఏ మేరకు ఊరట కలిగింది?

7. విదేశ మారక నియంత్రణ

1939లో యుద్ధం మొదలవగానే విదేశీ ద్రవ్యాన్ని కాపాడుకునేందుకు ప్రభుత్వం భారత రక్షణ నిబంధనల కింద మారక నియంత్రణ విధించింది. తాత్కాలికమనుకున్నది 1947లో చట్టమైంది, 1973లో ఫెరాగా మరింత బిగిసింది. ఆ రోజుల్లో దేశంలో నివసించే వ్యక్తి విదేశంలో ఇల్లు పొందాలన్నా, ఉంచుకోవాలన్నా సాధారణంగా రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఉల్లంఘన నేరం.

1999లో చేసి 2000 జూన్ 1 నుంచి అమలు చేసిన ఫెమా చట్టం దృష్టిని మార్చింది. దీని ప్రకారం విదేశంలో నివసించే వ్యక్తి నుంచి వారసత్వంగా వచ్చిన విదేశీ ఆస్తిని భారత నివాసి ఉంచుకోవచ్చు. అలాగే విదేశంలో ఉన్న వ్యక్తి భారత నివాసి నుంచి వారసత్వంగా వచ్చిన ఇక్కడి ఆస్తిని ఉంచుకోవచ్చు. నేరం స్థానంలో జరిమానా వచ్చింది.

స్వేచ్ఛతో పాటు పారదర్శకత బాధ్యత కూడా పెరిగింది. 2015 నల్లధనం చట్టం ప్రకారం భారత నివాసి తన విదేశీ ఆస్తులను ఆదాయపు పన్ను రిటర్నులో ప్రత్యేక పట్టికలో చూపాలి. చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. 20 లక్షలు మించని చరాస్తులకు 2024 అక్టోబరు నుంచి ఈ జరిమానాలో సడలింపు ఇచ్చారు. ఇంటికి ఆ సడలింపు లేదు. కొడుకు అమెరికాలో కొన్న ఇల్లు వారసత్వంగా వచ్చిన తల్లికి ఇక్కడ పైసా ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాల్సి రావడం ఇందువల్లే.

8. నేటి స్థితి: మూడు ఉదాహరణలు

పైన చదివిన సూత్రాలను ఇప్పుడు వజ్రకరూరు కుటుంబాలకు వర్తింపజేద్దాం. ఇవి బోధన కోసం ఊహించిన ఉదాహరణలు.

మొదటి ఉదాహరణ. ఒక అవివాహిత యువకుడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ అప్పు లేని ఇల్లు కలిగి ఉన్నాడు. వెళ్లకముందు తన సంపాదనతో వజ్రకరూరులో 3 ఎకరాలు కొన్నాడు. వీలునామా రాయకుండా చనిపోయాడు. ఊళ్లో హిందువులైన తల్లి, తండ్రి, చెల్లెలు ఉన్నారు. భూమికి 1956 హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి కాదు. కాబట్టి 3 ఎకరాలూ తల్లివే. ఇంటికి న్యూజెర్సీ చట్టం వర్తిస్తుంది. అక్కడ భార్యాపిల్లలు లేనివారి ఆస్తి తల్లిదండ్రులిద్దరికీ సమానం. ఒకే కొడుకు, ఒకే మరణం, రెండు రకాల వారసులు. ఏదో ఒక దేశపు చట్టం తప్పని కాదు. స్థిరాస్తి తానున్న నేల మాట వింటుంది.

ఇప్పుడు పన్ను. ఆ ఇంటి విలువ 6 లక్షల డాలర్లు అనుకోండి. యువకుని స్థిరనివాసం అమెరికాయే అని తేలితే 2026లో మరణించినవారికి 1 కోటి 50 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ ఎస్టేట్ టాక్స్ లేదు. స్థిరనివాసం భారతదేశమే అని తేలితే మినహాయింపు కేవలం 60 వేల డాలర్లు. ఖర్చుల తగ్గింపులను పక్కనపెడితే పన్ను సుమారు 1 లక్షా 80 వేల డాలర్లు! రెండవ విభాగంలో స్థిరనివాసం అనే మాటను జాగ్రత్తగా చదవమన్నది ఇందుకే. ఈ రిటర్నుకు గడువు మరణం నుంచి 9 నెలలు. భారత్, అమెరికాల మధ్య ఉన్న ద్వంద్వ పన్ను ఒప్పందం ఆదాయానికి సంబంధించినదే తప్ప మరణ పన్నుకు కాదు. తల్లిదండ్రులకు చేరే ఆస్తిపై న్యూజెర్సీ రాష్ట్రపు వారసత్వ పన్ను మాత్రం లేదు.

తర్వాత వారు ఆ ఇంటిని 6 లక్షలకే అమ్మారనుకోండి. కొడుకు కొన్న ధర 4 లక్షలు. అమెరికా లెక్కలో మరణం నాటి విలువే కొత్త కొనుగోలు ధర అవుతుంది, లాభం సున్నా. భారత లెక్కలో మొదటి యజమాని కొన్న ధరే వారసుని ధర, లాభం 2 లక్షల డాలర్లు. అక్కడ పన్ను లేదని ఇక్కడ చూపకుండా ఉంటే నోటీసు వస్తుంది. పైగా అమ్మేవారు విదేశీయులైనందున కొనేవారు సాధారణంగా ధరలో 15 శాతం పట్టి అమెరికా ప్రభుత్వానికి కడతారు. రిటర్ను వేసి అదనపు సొమ్ము వెనక్కి తెచ్చుకోవాలి.

రెండవ ఉదాహరణ. కువైట్‌లో ఇంటిపని చేసే ఒక హిందూ స్త్రీ. ఆమె పంపిన డబ్బు గుంతకల్లు బ్యాంకు ఖాతాలో ఉంది. భర్త ఏళ్ల క్రితమే వదిలేశాడు, విడాకులు కాలేదు. పిల్లలను ఆమె తల్లి పెంచుతోంది. ఆమె చనిపోతే ఖాతాలోని డబ్బు పిల్లలకు, భర్తకు సమానంగా చెందుతుంది. పెంచిన తల్లికి చట్టప్రకారం వాటా లేదు. పిల్లలు లేని వితంతువైతే ఆమె సొంత సంపాదన భర్త తరపు వారసులకు వెళుతుంది, కన్నతల్లికి కాదు. 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీం కోర్టు సానుభూతి చట్టాన్ని మార్చలేదంటూ ఇలాగే తీర్పిచ్చింది. ఖాతాలో తల్లిని నామినీగా పెట్టినా, బ్యాంకు నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, యజమాని కాదు. దీనికి మందు ఒక్కటే: ఇద్దరు సాక్షుల ముందు రాసిన వీలునామా. విదేశానికి వెళ్లే స్త్రీ వీసా కాగితాలతో పాటు దీన్ని కూడా సిద్ధం చేసుకోవాలి.

మూడవ ఉదాహరణ. వజ్రకరూరులో తండ్రి చనిపోయాడు. తల్లి అంతకుముందే పోయింది. కొడుకు అమెరికా పౌరుడు, ఓ.సి.ఐ. కార్డు ఉంది. కూతురు బెంగళూరులో ఉంది. ఓ.సి.ఐ. వ్యక్తి వ్యవసాయ భూమి కొనలేడు, కానీ వారసత్వంగా పొందగలడు. అమ్మితే భారతదేశంలో నివసించే భారత పౌరునికే అమ్మాలి. కూతురి వాటా కొడుకుతో సమానం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది, అప్పటికి పెళ్లికాని వారికి. 2005 కేంద్ర సవరణ ఆ షరతు తీసేసింది. 2020లో వినీతా శర్మ తీర్పు మిగిలిన సందేహాలను తొలగించింది. 'అమ్మాయికి కట్నమిచ్చాం' అన్న మాటకు చట్టంలో చోటు లేదు. ఆమె తన వాటా వదులుకోదలిస్తే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం కావాలి.

కొడుకు రాలేకపోతే అక్కడే పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి ఒప్పంద దేశాల పత్రాలకు ఆ ముద్ర చాలు. మిగతా దేశాల పత్రాలకు రాయబార కార్యాలయ ధ్రువీకరణ కావాలి. పత్రం ఇక్కడికి వచ్చిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. అమ్మగా వచ్చిన డబ్బును ఎన్.ఆర్.ఓ. ఖాతాలో వేసి, పన్ను పత్రాలతో ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు.

ఒక హెచ్చరిక. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, న్యాయస్థానం ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ ఒకటి కావు. మొదటిది కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది. రెండవది బాకీలు, బ్యాంకు సొమ్ము, షేర్లు వసూలు చేసుకునే అధికారం ఇస్తుంది. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన యాజమాన్య వివాదం తేలినట్టు కాదు.

9. సారాంశం

చట్టం మనిషి వెంట నడుస్తుందన్న మితాక్షర కాలపు భావన, నేల వెంట ఉంటుందన్న ఇంగ్లీషు సూత్రం కలిసి నేటి నియమాన్ని తయారుచేశాయి. పావగడ సరిహద్దు విదేశీ కాగితానికి హద్దులున్నాయని చూపింది. నాటాల్ పట్టిక పేరులో తప్పు ఖరీదు చెప్పింది. 1913 తీర్పు పెళ్లి రుజువు అవసరం తెలిపింది. బర్మా ఆ నేల ప్రభుత్వమే చివరి మాట అంటుందని నేర్పింది. భారతదేశం 1985లో మరణ పన్ను వదిలినా కొన్ని ఇతర దేశాలు వదల్లేదు. ఫెమా తలుపు తెరిచింది, ఆస్తిని చూపమని అడిగింది.

కాబట్టి ఏ కేసులోనైనా వరుసగా ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఆస్తి స్థిరమా, చరమా? ఎక్కడ ఉంది? చనిపోయిన వ్యక్తి స్థిరనివాసం ఏ దేశం? వీలునామా ఉందా? ఏ దేశంలో ఏ గడువు నడుస్తోంది? 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టాన్ని నిర్దేశించారు. రేట్లు, మొత్తాలు ఇలాగే మారుతుంటాయి కనుక వాటిని ఆ ఏటి నిబంధనలతో సరిచూసుకోవాలి. ఈ ఐదు ప్రశ్నలు మాత్రం శతాబ్దంగా మారలేదు.

10. ముఖ్య పదాలు

స్థిరనివాసం: శాశ్వతంగా ఉండిపోయే ఉద్దేశంతో నివసించే దేశం.
చరాస్తి: నగదు, నగలు, షేర్లు వంటి కదిలించగల ఆస్తి.
వారసత్వ సర్టిఫికెట్: చనిపోయిన వ్యక్తికి రావలసిన సొమ్ము వసూలుకు న్యాయస్థానం ఇచ్చే అధికార పత్రం.
అపోస్టిల్: ఒక దేశపు పత్రం మరో దేశంలో చెల్లేందుకు వేసే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర.
మూలధన లాభం: ఆస్తిని కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడా.

11. నమూనా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వారసత్వ చట్టం, మరణ పన్ను, విదేశ మారక నియంత్రణ వేరు వేరు చారిత్రక అవసరాల నుంచి పుట్టాయని నిరూపించండి.
2. బర్మా తెలుగువారి అనుభవం ఆధారంగా 'స్థిరాస్తికి నేల చట్టం' అన్న సూత్రాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1913 నాటి సర్ల్ తీర్పు వారసత్వ హక్కులను ఎలా దెబ్బతీసింది?
2. బ్యాంకు నామినీకి, చట్టబద్ధ వారసునికి తేడా ఏమిటి?
3. మీ ఊరి నుంచి విదేశానికి వెళ్లిన ఒక కుటుంబం దగ్గర ఏయే పత్రాలు ఉన్నాయో అడిగి, పేర్లలో తేడాలుంటే పట్టికగా రాయండి. పేర్లు బయటపెట్టకండి, తేడాలు ఉంటే సరిచేయించుకోమని మాత్రం వారికి చెప్పి రండి.